నున్నటి తొట్టి

వడ్రంగి తెచ్చిన పశువుల తొట్టిని తడిమి చూసి, చర్చిలో క్రిస్మస్ పాక అలంకరిస్తున్న టీచరమ్మ నవ్వింది.

“గొడ్లకు మేత వేసే తొట్టికి ఇంత నునుపేంటయ్యా? అంచులు కూడా గుండ్రంగా తీశావు!”

“పసిబిడ్డకి గీరుకోకూడదు కదమ్మా.”

“బాగుంది! పడుకోబెట్టేది బాలయేసు మట్టిబొమ్మని. అదీ క్రిస్మస్ నాడే. అప్పటిదాకా, ఈ ఆగమన కాలమంతా తొట్టి ఖాళీగానే ఉండాలి.”

“తెలుసమ్మా. అందుకే ఇక్కడికి తెచ్చాను.”

గడ్డి పరుస్తుంటే రెండు పక్కలా ఊయల కొక్కేలు తగిలాయి. ఆమె చెయ్యి ఆగిపోయింది.

“ఇంట్లో ఇది ఖాళీగా ఉంటే మా ఆవిడకి నెమ్మది లేదమ్మా. చిన్న చప్పుడైతే చాలు, బిడ్డ ఏడ్చిందని లేచి తొంగిచూస్తోంది. ఇక్కడ ఖాళీగా ఉందంటే, ఎవరో వస్తారనేగా.”

గుమ్మం దాకా వెళ్లి అతను వెనక్కి తిరిగాడు.

“పండగ రోజు ఆ బొమ్మని మా ఆవిడ చేతికివ్వండమ్మా. తనే పడుకోబెడుతుంది.”