వగరు పరీక్ష

“తినలేదమ్మా! ఒక్క ఆకు కూడా తినలేదు!”

ఫోన్లో ఆ మాట వినగానే ఆమె వంటింట్లోనే ఒక్క గెంతు గెంతింది. చేతిలోని గరిట ఠంగుమని కింద పడింది.

“ఎవరే తినందీ? పొద్దున నువ్వు చేసిన కూరేనా?” అంటూ అత్తగారు హాల్లోంచి తొంగిచూసింది.

“కూర కాదత్తయ్యా! నా జామాకులు! గొంగళిపురుగులు నా జామాకుల్ని వదిలేశాయట!”

“పోనీలే. మేం నీ కూరని వదిలేస్తే ఏడ్చావు, అవి ఆకుల్ని వదిలేస్తే గెంతుతున్నావు.”

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన భర్త, ఒక కాలికి బూటుతోనే వంటింట్లోకి వచ్చేశాడు. “నిజంగానా?”

“నిజ్జంగా!”

ఫోన్ చేసింది మొక్కల పరిశోధన కేంద్రంలో పురుగుల్ని పెంచే ఆవిడ. మామూలు జామాకులు వేసిన పెట్టెలో ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. ఈమె తయారుచేసిన కొత్త రకం ఆకుల మీద మాత్రం పురుగులు అంచున ఒక గాటు పెట్టి, మూతి ముడుచుకుని మూలకి చేరాయి.

ఇక మిగిలింది తోటాయన. ముసలి చెట్లు తీసేసి కొత్త జామతోట వేస్తున్నాడాయన. ఈమె మొక్కలు నాటాలా, పాత రకమే నాటి ఎప్పటిలాగే పురుగుమందు కొట్టించాలా అన్నది రేపు ఇద్దరి మాటా విని తేల్చేస్తానన్నాడు. ఒకరు ఈమె. రెండో మనిషి, ఆ తోటకి మందు అమ్మే కంపెనీ నుంచి వస్తాడు. ఈ ఇంట్లో అతనికి మందులాయన అనే పేరు స్థిరపడిపోయింది. తోటాయన కాదన్నాడా, చదువు ముగిశాక ఈమె పడ్డ కష్టమంతా కుండీల్లోనే ముసలిదైపోతుంది.

“ఇక మందులాయన పని అయిపోయినట్టే!” భర్త చేతికి టీ గ్లాసు ఇస్తూ అంది.

“అంత తేలిగ్గా వదలడు. మొహమాటం లేని మనిషి.”

“మొండి మనిషి అనండి.”

“అందగాడని కూడా అంటారు మరి.”

“ఎవరంటారు?”

“వాళ్ళమ్మ అనుంటుంది,” అంది అత్తగారు.

ముగ్గురూ పగలబడి నవ్వారు. భర్త గ్లాసు పక్కన పెట్టి, కాలర్ సర్దుకుని, కుర్చీ ఎదురుగా లాక్కున్నాడు.

“సరే, నేనే మందులాయన్ని. అడుగుతున్నా, చెప్పు. మీ ఆకుని పురుగెందుకు తినదండీ?”

“వగరండీ. ఆ వగరుకి కారణం టానిన్లు. పురుగు ఆకు నమలగానే అవి అందులోని మాంసకృత్తుల్ని గట్టిగా పట్టేసుకుంటాయి. కడుపు నిండుతుంది, తిన్నది ఒంటబట్టదు. కొన్ని పురుగులకైతే పేగే దెబ్బతింటుంది. పారిపోవడానికి కాళ్ళు లేవు, తిట్టడానికి నోరు లేదు. మొక్క ఇంకేం చేస్తుంది చెప్పండి? వగరెక్కుతుంది.”

“కొత్త కోడలు ఎక్కినట్టు,” అంది అత్తగారు.

“నేను వగరా అత్తయ్యా?”

“మొదటి వారం కాస్త.”

“అమ్మా, మధ్యలో రాకు. అన్ని పురుగులూ ఇలాగే వదిలేస్తాయాండీ?”

“లేదండీ. వగరుకి అలవాటుపడ్డ పురుగులూ ఉన్నాయి. ఆ తోటని ఏటా బోడిచేసే గొంగళి మాత్రం తట్టుకోలేదు. చూసినదాని గురించే చెప్తాను, చూడనిదాని గురించి గొప్పలు పోను.”

భర్త తలూపాడు. అంతలోనే కళ్ళు చిన్నవి చేశాడు. “ఆకు అంత వగరైతే, పండు మాటేమిటి? తోటాయన ఆకులు అమ్ముకోడుగా?”

ఆమె కిందపడ్డ గరిట తీసి గట్టు మీద పెట్టింది. ఇన్నాళ్ళూ పురుగు నోటితోనే ఆలోచించింది, కొనేవాళ్ళ నోటితో ఆలోచించనే లేదు. రేపు ఆ ప్రశ్న తోటాయన ముందు పడితే? అనుమానం ఒకసారి మొలిచాక ఎంత చెప్పినా ఎవరు వింటారు?

భర్త ప్రశ్నని వెనక్కి తీసుకోలేదు. తొందరపెట్టనూ లేదు.

“పిందె వగరే,” అంది నెమ్మదిగా. “గింజ ముదిరేదాకా దాన్నీ కాపాడుకోవాలిగా. పండేకొద్దీ వగరు తగ్గిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు తిని గింజల్ని నాలుగు చోట్లా పడెయ్యాలనే కదా చెట్టు చూసేది! నా మొక్కలన్నిటికీ మూలమైన తల్లిచెట్టు పండు నేను తిన్నాను. తియ్యగా ఉంది.”

“నువ్వు తింటే చాలా?”

ఆమె మొహం దీపంలా వెలిగింది. “తోటాయన తినాలి! రేపు పొద్దున్నే వెళ్ళి తల్లిచెట్టు పండ్లు బుట్టెడు కోస్తాను. నేను నోరు తెరిచేలోపే ఆయన నోట్లో ముక్క పెట్టేస్తాను. అప్పుడు అడగమనండి మందులాయన్ని!”

“ఇంకేం అడుగుతాడు,” అన్నాడు భర్త, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి. మనిషి ఎందుకో తెగ మురిసిపోతున్నాడు. “పండ్ల బుట్టతో నడవలేవు గానీ, తోట దాకా నా బండి మీద దింపేస్తాలే. నేనూ అక్కడికేగా రావాలి.”

ఆమె ఖాళీ గ్లాసు అందుకుని, ఆ చేత్తోనే అతని కాలర్ సరిచేసింది.

“వద్దు, రేపు ఒక్కపూట ఎవరి దారి వాళ్ళదే, మందులాయనా.”