అట్టకీ అత్తకీ ఒకటే స్పెల్లింగు

టెస్టు మెయిలు టింగుమంటూ వచ్చి పడగానే కోడలు కుర్చీలోంచి లేచి నిలబడింది.

"వచ్చేసిందండీ. మన అట్టపెట్టెల షాపుకి సొంత పేరుతో ఈమెయిలు."

భర్త అట్ట కోస్తున్న కత్తి ఆపాడు. నెట్‌లో షాపుకి పేరు వెతికి కొన్నదీ, దాన్ని మెయిలు కంపెనీకి ముడిపెట్టిందీ, పాస్‌వర్డు మరిచిపోయి ఏడ్చిందీ, అన్నీ ఆమే.

"చిరునామా ఏం పెట్టావ్?"

"అట్ట ఎట్ అట్టపెట్టెలు డాట్ కామ్."

మూలన పెట్టెలకి జిగురు రాస్తున్న అత్తగారు ఒకసారి తలెత్తి, మళ్లీ దించేసుకుంది.

అంతే. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

ఆవిడ రోజుకి మూడు మాటలు మాట్లాడితే అందులో రెండు కత్తెరతోనే. ఆవిడ పక్కన గోడలు కూడా వాగుడుకాయల్లా కనిపిస్తాయి.

పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి కోడలి బెంగ ఒక్కటే. ఈవిడకి నేను నచ్చానా, లేదా?

మర్నాడే మొదటి మెయిలు వచ్చింది. ఆర్డరు కాదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి.

"అత్త గారికి నమస్కారం. అత్తల కష్టాలు చూసే ఆఫీసు ఇదేనా? మా కోడలు మంచి పిల్ల. నోరు తెరిస్తే నాకు పని మాటలే వస్తాయి. దగ్గరయ్యే ఉపాయం చెప్పగలరు."

కోడలు పైకి చదివింది. భర్త అట్టల కట్ట మీద పడి పడి నవ్వాడు.

"ఇంగ్లిషులో రాస్తే అట్టకీ అత్తకీ ఒకటే స్పెల్లింగు కదే. పెట్టెల షాపు కాస్తా అత్తల ఆస్పత్రి అయింది."

"ఎవరో తిక్క మనిషి. పట్టించుకోకు" అంది అత్తగారు. ఆ రోజు కోటా అయిపోయింది.

కానీ కోడలికి జాలేసింది. జవాబు రాసింది.

"అమ్మా, ఇది అట్టపెట్టెల షాపు. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నా. ముద్దుపేరుతో పిలిచి చూడండి. మా అమ్మ నన్ను పిచ్చుకా అనేది. అమ్మ పోయాక ఎవరూ అలా పిలవలేదు. ఈ ఇంట్లో ఆ పేరు ఎవరికీ తెలియదు కూడా."

వెంటనే ఆవిడ జవాబొచ్చింది. "ముద్దుపేరా? నాకు సిగ్గండీ."

"మీ సిగ్గు తీరేలోపు మీ కోడలు ముసలిదైపోతుందండీ" అని తిరిగి రాసింది కోడలు.

ఇంతలో ఒక చెప్పుల కంపెనీ మెయిలు పెట్టింది. సొంత పేరుతో చిరునామా ఉంది కదా, నమ్మొచ్చనిపించిందట. ఏడాది పొడవునా పెట్టెలు కావాలంది.

ఇక గదిలో పెట్టెలు ఎంత ఎత్తున లేచాయంటే, అన్నానికి రమ్మనాలన్నా భర్తకి ఫోను చేయాల్సి వచ్చేది.

ఆ హడావుడిలో మళ్లీ ఆవిడ మెయిలే.

"ఇంకా పిలవలేదు. ధైర్యం చాలట్లేదు. ఏం చేయను?"

కోడలు విసుగులో రెండు ముక్కలు కొట్టి పడేసింది. "ఇది వ్యాపారం చిరునామా. ఇక రాయకండి."

ఆవిడ మరి రాయలేదు.

సరుకులో సగం లారీ ఎక్కాక గానీ కోడలికి మనసులో కలుక్కుమనలేదు. ఊరూ పేరూ తెలియని ఆ మనిషి కోసం ఇప్పుడు రోజూ మెయిలు తెరిచి చూసుకుంటోంది. చివరికి తనే రాసింది.

"తప్పైందమ్మా. పిలిచారా మీ కోడల్ని?"

పంపిందో లేదో, మిగిలిన పెట్టెల గుట్ట వెనక ఫోను టింగుమంది.



తర్వాత ఆ గుట్ట వెనక నుంచి అత్తగారి గొంతు, కొత్త పాఠం అప్పజెప్పుతున్నట్టు తడబడుతూ వినిపించింది: "పిచ్చుకా, ఆ జిగురు గిన్నె కాస్త ఇటు అందించు."