గోడ వారన పిండిగిన్నె

లంబసింగి ఇళ్లలో చలిమంట వేసి ఇరవై ఏళ్లయింది. భూమి అడుగు నుంచి తోడిన వేన్నీళ్లు గొట్టాల్లో ఇంటింటి గోడల్లోనూ తిరిగి, చలిని పొలిమేర దాటించేశాయి.

పైడిరత్నం రోజూ ఇడ్లీపిండి గిన్నెను ఆ వెచ్చని గోడ వారనే పెట్టేది. తెల్లారేసరికి చక్కగా పొంగేది. వారం నుంచి మరీ తొందరగా పులిసిపోతోంది. ఇవాళ మూత తీస్తే పిండి గిన్నెలోనే ఉడికి, గట్టిపడిపోయి ఉంది.

గొట్టాలు చూసే లోవరాజుని పిలిచింది.

"ఏటి తమ్ముడా, నీళ్లు ఇంత వేడిగా వదిలేత్తన్నారు? ఒకపాలి కట్టీరాదా?"

లోవరాజు గోడ మీద చెయ్యేసి చటుక్కున తీసేశాడు.

"ఏటి కట్టమంటావప్పా? మరమ్మతుకని మీ వీధి నీళ్లు మూడ్రోజుల కిందటే కట్టీసేం. గొట్టాలు ఖాళీగున్నాయి."

ఇంతసేపూ ఇద్దరూ గచ్చు మీద ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుతూనే ఉన్నారని పైడిరత్నం అప్పుడు చూసుకుంది.