ఆరోగ్యవంతుడి కణాలు

“కణాలు పెంచే డిష్‌లు తారుమారు చేశావు. ఒప్పుకో,” అన్నాడు ప్రొఫెసర్ సలొంతాయి, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే.

“చెయ్యలేదు మాస్టారూ,” అంది బొరోకా.

మిగతావాళ్లంతా పని చేస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటు పడేశారు. హంగరీలోని సెగెద్‌లో ఆ ల్యాబ్ పెద్దదేం కాదు. ఈ మూల ఒకరు తుమ్మితే ఆ మూల ఇంకొకరు దీవిస్తారు.

గొడవ ఇదీ. హంటింగ్టన్ అని ఒక మెదడు జబ్బు ఉంది. తల్లి నుంచో తండ్రి నుంచో పిల్లలకు దిగుతుంది. నడివయసులో ఒళ్లు అదుపు తప్పి, మతి తప్పి, కొన్నేళ్లకు మనిషే పోతాడు. బొరోకా డాక్టరేటు దాని మీదే. జబ్బు మనిషి రక్తకణాలను మూలకణాలుగా మార్చి, మళ్లీ వాటిని మెదడు కణాలుగా పెంచుతుంది. పోల్చి చూడటానికి పక్కనే ఒక ఆరోగ్యవంతుడి కణాలు. ఆయన పేరు ఎవరికీ తెలియదు, అడగకూడదు కూడా. సీసా మీద కె-ఏడు అని మాత్రం ఉంటుంది. జబ్బు కణాలు చావాలి, కె-ఏడు కణాలు బతకాలి. మూడుసార్లు పెంచింది. మూడుసార్లూ రెండూ చచ్చాయి. రెండు డిష్‌లలోనూ జబ్బు కణాలే పడ్డాయని ప్రొఫెసర్ అనుమానం.

“కె-ఏడుని ఈ ల్యాబ్ పుట్టినప్పటి నుంచీ వాడుతున్నాం. గుండె కండరం చేశాం, ఎముక చేశాం. ఎవరి చేతిలోనూ చావనివి నీ చేతిలోనే ఎందుకు చస్తున్నాయి?”

“మెదడు కణాలు ఎవరూ చెయ్యలేదు కదా మాస్టారూ.”

“నాకు పాఠాలు చెప్పకు. పొరపాటయిందని రాసిచ్చి మళ్లీ మొదలుపెడతావా, టాపిక్ జోంబోర్‌కి ఇచ్చెయ్యమంటావా?”

మళ్లీ మొదలుపెడితే వేసవికల్లా థీసిస్ ఇవ్వడం కల్ల. టాపిక్ పోతే నాలుగేళ్ల చాకిరీ తీసా నదిలో కలిసినట్టే. బొరోకాకి ఏడుపు తన్నుకొచ్చింది. అందరి ముందూ ఏడవడం ఇష్టంలేక బయటికి నడిచింది.

కాఫీ మిషను దగ్గర జోంబోర్ పట్టుకున్నాడు. వాడూ పరిశోధక విద్యార్థే. నోరు మాత్రం ఊరుకోదు.

“పొరపాటయిందని ఒక్క మాట అనెయ్యవే. ముసలాయన వెన్నలా కరిగిపోతాడు.”

“చెయ్యని తప్పు ఎందుకు ఒప్పుకోవాలిరా?”

“చేశావేమో. మొన్న నా చేపల పులుసు డబ్బా నీదనుకుని ఊడ్చెయ్యలేదూ?”

“నాదనుకుని కాదు. నీదని తెలిసే తిన్నాను.”

“సరే, ఇప్పుడేం చేస్తావు?”

“నైట్రోజన్ ట్యాంకులో గడ్డకట్టించి దాచిన కె-ఏడు అసలు సీసా ఉంది. నేను వాడింది దాన్నుంచి పెంచినవే, దాన్ని ఇంతవరకూ ముట్టుకోలేదు. నువ్వే తీసి, నువ్వే బుడాపెస్ట్‌కి జన్యు పరీక్షకి పంపు. నా చెయ్యి తగలకూడదు.”

జోంబోర్ నవ్వడం మానేశాడు. “అంతా బాగానే ఉందని వస్తే?”

“టాపిక్ నువ్వే తీసుకో.”

ఫలితం వచ్చేదాకా బొరోకాకి తిండి సయించలేదు. నిజంగా తనే డిష్‌లు మార్చేసిందేమోనని ఒక్కోసారి తన మీద తనకే అనుమానం వచ్చేది. వచ్చిన రోజు మాత్రం మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కి, తలుపైనా తట్టకుండా ప్రొఫెసర్ గదిలోకి దూసుకుపోయింది.

“జోంబోర్ తీసిన సీసా మాస్టారూ. నేను ముట్టుకోలేదు. కె-ఏడులో హంటింగ్టన్ జన్యువు ఉంది.”

సలొంతాయి కాగితం అందుకుని చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు.

“పరీక్షలో తప్పు జరిగి ఉండొచ్చు.”

“అక్కడ రెండుసార్లు చేశారు. నేను ఏదీ మార్చలేదు. చావాల్సినవే చచ్చాయి. మీ ఆరోగ్యవంతుడే ఆరోగ్యవంతుడు కాదు.” ఇన్నాళ్లూ మింగిన అవమానమంతా ఆ మాటలో కక్కేసింది.

“కూర్చో,” అన్నాడాయన. ఆ గొంతు అంత మెత్తగా పలకడం ఆమె ఎప్పుడూ వినలేదు. “ఈ జన్యువు ఉన్నవాడికి జబ్బు రాకుండా పోయే అవకాశం ఎంత?”

తెలిసిన ప్రశ్నలే అడుగుతున్నాడంటే వైవాకి తయారు చేస్తున్నాడన్నమాట. బొరోకా నిటారుగా కూర్చుంది.

“జన్యువు మామూలుకన్నా ఇంత పొడుగు సాగితే ఆ అవకాశమే లేదు మాస్టారూ. వచ్చి తీరుతుంది.”

“వయసు పైబడ్డా ఏమీ కనబడకపోతే?”

“ఆలస్యంగా మొదలవుతుందంతే. ముందు మతిమరుపు, చిరాకు, ఊరికే జనం మీద విరుచుకుపడటం. మనిషికి తెలియదు, పక్కవాళ్లకి తెలుస్తుంది.”

“పిల్లలకి?”

“ఒక్కొక్కరికీ సగానికి సగం.”

“మందు?”

“ఆపే మందు ఇంకా లేదు. దానికేగా మన తంటాలు.”

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “బాగా చదివావు. తప్పు నాదే. ఫలితాలు ఉన్నవి ఉన్నట్టు థీసిస్‌లో రాసెయ్. వేసవికి ఇచ్చేద్దాం.”

గుండెల మీంచి బండ దిగినట్టయింది బొరోకాకి. థ్యాంక్స్ చెప్పి, తలుపు దాకా వెళ్లి ఆగిపోయింది. గెలిచిన సంబరంలో ఇంతసేపూ ఆ సీసా వెనక ఒక మనిషి ఉన్నాడన్న సంగతే తట్టలేదు. సిగ్గేసింది.

“మాస్టారూ, పేరు అడక్కూడదని తెలుసు. కానీ ఆ కె-ఏడు ఎవరో, పాపం ఆయనకి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి కదా?”

సలొంతాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నాడు.

“చెప్పేశావుగా తల్లీ.”