పెద్దరసం చెట్టు కింద

టీ కొట్టు టీవీలో రాకెట్ లేచింది.

సుసన్నా టీ వడబోస్తూ ఆగి మరీ చూసింది. బెంచీ మీద ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. బసవపున్నారావు మాత్రం గ్లాసు ఠక్కున కింద పెట్టాడు.

"లేపండి, లేపండి. జనం సొమ్మేగా! మన ఆగిరిపల్లి కాయ నిలవుంచుకోవడానికి కోల్డ్ స్టోరేజీ అడిగితే మాత్రం ఖజానా ఖాళీ అంటారు."

ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్ళు అక్కడ లేరు. ఇరవై ఎకరాల మామిడి తోట, దానికి తగ్గ గొంతు.

"కోల్డ్ స్టోరేజీ కూడా కావాలండీ," అన్నారెవరో.

మూలన కూర్చున్న మనిషి. అరవై దాటి ఉంటాయి. బక్కపలచగా, నలిగిన చొక్కాతో ఉన్నాడు. బయట నిలబెట్టిన పాత స్కూటర్ అతనిదే.

"కూడా ఏంటండీ? ముందు అదే కావాలి. ఆకాశంలో తిరిగేది నా చెట్టుకి నీళ్ళు పోస్తుందా?"

"పొయ్యదండీ. గాలి వస్తోందని చెబుతుంది."

"చెప్పింది లెండి! నాలుగు రోజుల కిందట ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, గాలివాన అని. ఆకు కూడా కదల్లేదు. అప్పట్నుంచి చూడటమే మానేశా."

ఆ మనిషి ముఖం చిన్నబోయింది. తననే తిట్టినట్టు తల దించుకున్నాడు.

"ఒక్కోసారి తప్పుతుందండీ," అన్నాడు మెల్లగా.

సాయంత్రం అదే మనిషి తోటలో కనబడేసరికి బసవపున్నారావుకు ఒళ్ళు మండింది.

చెప్పాపెట్టకుండా లోపలికి వచ్చేశాడు. వచ్చి, ముసలి పెద్దరసం మామిడిచెట్టు దగ్గర నిలబడి దాని మాను నిమురుతున్నాడు.

"ఎవరు కావాలండీ?"

"మీరేనండీ. రేపు మధ్యాహ్నం దాటాక పెద్ద గాలి వచ్చేలా ఉంది. తోటలో ఎవర్నీ ఉంచకండి. ముఖ్యంగా ఈ చెట్టు కింద."

"ఎవర్నీ ఉంచకూడదా?"

"ఒక్కళ్ళని కూడా. ఇటువైపు ఇంకో పెద్ద కొమ్మ ఉండేది కదండీ?" అంటూ మాను మీద ఉన్న తొర్ర చూపించాడు.

బసవపున్నారావుకు అంతా అర్థమైపోయింది. అయిపోయిందనుకున్నాడు, పాపం.

కాయ కోతకొచ్చింది. పోయిన వారమే ముసునూరు దగ్గర ఎవరో పట్టపగలు వ్యాన్ తెచ్చి రెండెకరాల కాయ దులుపుకుపోయారు. వీడు తోట ఆనుపానులన్నీ తెలుసుకుని, కాపలా తీయించడానికి ముందొచ్చాడు.

"మర్యాదగా స్కూటరెక్కు. మళ్ళీ కనబడ్డావంటే పోలీసులకి అప్పగిస్తా."

ఆ మనిషి రెండు చేతులూ జోడించాడు.

"నన్నేమన్నా అనండి. మనుషుల్ని మాత్రం ఉంచకండి."

స్కూటర్ చప్పుడు దూరమయ్యేదాకా బసవపున్నారావు అక్కడే నిలబడ్డాడు.

పదేళ్ళుగా ఆ తోటకు కాపలా ఉంటున్న పున్నమ్మ పాకలోంచి ఇదంతా వింది.

"బాబుగారూ, నిజంగానే గాలొస్తాదేమోనండీ. అప్పుడెప్పుడో కాపలా ఉన్న చిన్నరాయప్ప ఈ చెట్టు కొమ్మ ఇరిగి మీద పడే పోయాడంట కదా."

"అది మా నాన్నగారి రోజుల్లో మాట. ఇప్పుడొచ్చినవాడు దొంగ. రేపు తోట వదిలి కదలకు."

"అట్టాగేనండీ," అంది పున్నమ్మ.

ఆ తోటల్లో ఒక పద్ధతి ఉంది. గాలికి రాలిన కాయ కాపలావాళ్ళది. అందుకే గాలి లేవగానే అందరూ ఇళ్ళలోకి పరుగెడితే, కాపలావాళ్ళు చెట్ల కిందికి పరుగెడతారు.

మర్నాడు మూడున్నరకు చాట్రాయి వైపు ఆకాశం నల్లబడింది.

పావుగంట. అంతే.

గాలి ఆగాక బసవపున్నారావు తోటలోకి పరుగెత్తాడు. ఏడాది పంట కాళ్ళ కింద నలుగుతోంది. ఆ సంగతే ఆయనకు పట్టలేదు.

"పున్నమ్మా! ఏయ్ పున్నమ్మా!"

పాక ఖాళీగా ఉంది.

విరిగిపడ్డ పెద్దరసం కొమ్మ కింద కనబడింది పున్నమ్మ. చేతిలో గోనెసంచి, అందులో సగానికి కాయలు. ఊపిరి లేదు.

కదలకు అన్నాడు. కదల్లేదు.

జేబులోంచి ఫోన్ తీసి అంబులెన్సుకు చేయబోయాడు. తెరచి చూడని మెసేజ్‌లు నాలుగున్నాయి. నాలుగూ ఒకటే మాట. ఈదురుగాలులు, చెట్ల కింద ఉండవద్దు.

పున్నమ్మను మట్టి చేసే చోటికి ఆ మనిషి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా దూరంగా నిలబడ్డాడు. అంత నోరున్న బసవపున్నారావు ఆయన దగ్గరికి వెళ్ళి తలెత్తలేకపోయాడు.

"మీకు ముందే ఎలా తెలిసిందండీ?"

"మబ్బుల్ని చూసే ఉపగ్రహాల దగ్గర ముప్పై నాలుగేళ్ళు పనిచేశానండీ. జనం సొమ్ముతోనే. పైనుంచి చూడటం నేర్చుకున్నాం. కింద మనిషి నమ్మేలా చెప్పడం నేర్చుకోలేదు. ఏం లాభం?"

అవతల పున్నమ్మ మీద మట్టి పోస్తున్నారు. ఆ పెద్దమనిషి చూపు తిప్పుకున్నాడు.

"ఆ మాట టీ కొట్టులోనే చెప్పుంటే..."

"అంతకుముందు మెసేజ్ తప్పిందని నా ఎదుటే అన్నారు కదండీ. నోరు రాలేదు."

బసవపున్నారావు ఇంకో అడుగు దగ్గరికి జరిగాడు.

"ఇన్ని తోటలుండగా నా తోటకే ఎందుకొచ్చారు?"

ఆయన పున్నమ్మ గొయ్యి వైపు చూశాడు.

"గాలొచ్చినా తోట వదిలి కదలొద్దని ఆ రోజు మీ నాన్నగారు కూడా అన్నారటండీ," అన్నాడు చివరికి. "నేను చిన్నరాయప్ప కొడుకుని."