మెత్తటి కంపెనీ

"కళ్లు మూసుకో వదినా. అలా గుడ్లప్పగించి చూస్తే దొరికిపోతాం," అంది ఆడపడుచు పక్క పరుపు మీద నుంచి.

టైలరమ్మ కళ్లు మూసుకుంది. మూసుకుందన్న మాటే గానీ, రెప్పల సందులోంచి చూస్తూనే ఉంది. పొడవాటి షోరూము. కిటికీలకు పల్చటి తెల్ల తెరలు. మధ్యాహ్నపు ఎండ వాటిలోంచి వడకట్టుకుని, మెల్లగా నేల మీద పరుచుకుంటోంది. వరసగా మంచాలు, వాటి మీద పరుపులు, పరుపుల మీద మనుషులు. ఎక్కడినుంచో సన్నగా సంగీతం. ఎవరూ గొంతు పెంచడం లేదు. అక్కడి గాలే జోకొడుతున్నట్టుంది.

వదినామరదళ్లు వచ్చింది పరుపు కొనడానికి కాదు, ఆ పరుపులు చేసే కంపెనీలో షేర్లు కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి. చిన్న కంపెనీ. ఉన్నది ఈ ఒక్క షోరూమే. మందుల షాపు నడుపుకునే ఆడపడుచుకు చిన్న కంపెనీల షేర్లంటే ప్రాణం. కంపెనీ వేసే కాగితాలు ఆమె నమ్మదు. కొట్టుకు పోయి, ఓ మూల కూర్చుని, గిరాకీ కళ్లారా చూడాల్సిందే. ఇక్కడ కూర్చోవడానికి కుర్చీలు లేవు గనక పడుకోవాల్సి వచ్చింది.

"మొన్న మనమొచ్చినప్పుడు జనం పల్చగా ఉన్నారు. ఇవాళ మనకి చోటు దొరకడమే కష్టమైంది," అంది ఆడపడుచు గుసగుసగా.

"ఒక్కరూ పరుపు పట్టుకెళ్తున్నట్టు లేదే?"

"పరుపేమన్నా సబ్బుబిళ్లా వదినా, సంచిలో వేసుకుపోడానికి? గోడౌన్ నుంచి ఇంటికి పంపిస్తారు."

అదీ నిజమే అనుకుంది టైలరమ్మ. అలవాటు కొద్దీ వేలితో పరుపు అంచు తడిమింది. కుట్టు దగ్గరదగ్గరగా, ముద్దుగా ఉంది. ఇలా కుట్టేవాళ్లు మోసం చేయరని ఆమెకో నమ్మకం.

"షేరు ధర ఎలా ఉంది?"

"రోజూ కొంచెం కొంచెం పైకి పోతోంది. ఎవరో తెలిసినవాళ్లు చప్పుడు చెయ్యకుండా కొనుక్కుంటున్నారు. ఊరందరికీ తెలిశాక మనకేం మిగలదు."

టైలరమ్మ మనసులో లెక్కలు వేసుకుంది. ఆమె కుట్టుమిషను పెట్టుకున్న అద్దె గది అమ్మకానికొచ్చింది. కొంటావో కొనవో ఇవాళే చెప్పమన్నాడు యజమాని. బ్లౌజులు, పరదాలు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కూడబెట్టిన డబ్బు ఆ గదికి బొటాబొటిగా సరిపోతుంది. అదే డబ్బు షేర్లలో పెరిగితే ఇంకా పెద్ద గది, నిలువెత్తు అద్దం, ఇద్దరు పనివాళ్లు. మునిగితే మాత్రం ఉన్న గదీ పోతుంది, మిషను నెత్తినెట్టుకుని వీధులు తిరగాలి.

అటు పక్క మంచం మీద బట్టతలాయన ఒకడు పరుపును అరచేత్తో నొక్కి, గుమ్మం వైపు చూసి, తనలో తానే తలూపుకున్నాడు. ఆ వెనక కళ్లద్దాలావిడ దుప్పటి కింద ఫోను చూసుకుంటోంది. ఎంత బాగా నచ్చితే ఇంతసేపు కదలకుండా పడుకుంటారు అనుకుంది టైలరమ్మ.

సేల్స్‌మాన్ అటుగా వచ్చాడు. ఆడపడుచు గబుక్కున గురక నటించింది.

"పడుకోండమ్మా, పడుకోండి," అన్నాడతను నిట్టూర్చి, ముందుకు పోతూ.

"మీ అన్నయ్యకి ఓ మాట చెప్పొద్దూ?" అంది టైలరమ్మ.

"అన్నయ్యకా? పడుకుని ఆలోచిద్దాం అంటాడు."

"మనం చేస్తున్నదీ అదేగా."

ఇద్దరూ దిండ్లలో మొహాలు దాచుకుని నవ్వుకున్నారు. నవ్వు తగ్గాక టైలరమ్మ ఫోను తీసింది. గది యజమానికి చేసి, "నాకొద్దండీ, వేరేవాళ్లకి ఇచ్చేయండి," అంది. తరవాత ఫోనులో ఆడపడుచు చూపించినచోటల్లా వేలు పెట్టి, ఉన్న డబ్బంతా పెట్టి షేర్లు కొనేసింది.

భయం పోయింది. ఒళ్లంతా దూదిలా తేలిపోయింది. ఈసారి కళ్లు నిజంగానే మూసుకుంది. కలలో పెద్ద గది, తెల్ల తెరలు, తన పేరుతో బోర్డు. గుడ్డ తానులు వాటంతటవే విప్పుకుంటున్నాయి. మిషను తొక్కుతుంటే చప్పుడు రావడం లేదు. ఇంత సుఖం తనకు రాసిపెట్టి ఉందని ఏనాడూ అనుకోలేదని కలలోనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

మాటలు వినబడి మెలకువ వచ్చింది. గుమ్మం దగ్గర ఒక ముసలాయన నడుం పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ఆయన భార్య.

"ఈయనకి నడుంనొప్పి బాబూ. ఒకసారి పడుకుని చూసి తీసుకుందామంటే ఖాళీయే లేదు," అంటోంది ఆవిడ.

ఎంత గిరాకీ, అని మురిసిపోయింది టైలరమ్మ.

సేల్స్‌మాన్ షోరూము మధ్యకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకండి. షేర్ల పని మీద వచ్చినవాళ్లు ఒక్క నిమిషం లేస్తారా? వీళ్లు పరుపు కొనుక్కోడానికి వచ్చారట."

మంచాలన్నీ ఖాళీ అయ్యాయి.