ఇటిక్యాల ఎరుపు

"జర మెల్లగ. ఇంక రెండు మెట్లున్నయ్," అంది బాలమ్మ, మొగుడి మోచెయ్యి పట్టి లాగుతూ. "బొమ్మ నువ్వేస్తివి, మోకాళ్ళు నాయి అరుగుతున్నయ్."

కురుమూర్తి నవ్వాడు. నిన్న ఇటిక్యాలలో బస్సెక్కినప్పటి నుంచి ఆమె నోరు ఆగలేదు. హైదరాబాదులో ఇది మూడో మ్యూజియం, ఆఖరుది కూడా.

ఒకప్పుడు పేపర్లలో ఫోటో పడ్డ చిత్రకారుడు అతను. చెట్టూ మనిషీ లేకుండా ఉత్త రంగులతోనే బొమ్మలు వేసి ఢిల్లీ దాకా పేరు తెచ్చుకున్నాడు. కళ్ళకు నీటికాసుల జబ్బు వచ్చి చూపు పూర్తిగా పోయింది. బొమ్మలన్నీ ఎవరెవరి ఇళ్ళకో చేరాయి. నలుగురూ చూసే గోడ మీద ఉండాల్సింది ఒక్కటే, 'ఎరుపు'. అదెక్కడుందో కనుక్కోవాలని ఏడాదిగా పోరుతున్నాడు.

"నీ బొమ్మలకు పెట్టిన పానం పొలానికి పెడితే నాలుగు గింజలన్న రాలేవి," అంది బాలమ్మ. "అరుగు అలకాలని నేను తెచ్చుకున్న ఎర్రమన్ను, జాజు గూడ దానికే పూస్తివి."

"పొద్దున ఆ మ్యూజియంల గైడు పిల్ల, పూజ, ఏమన్నదో విన్నవ్ గద? 'మీ బొమ్మే సార్, అద్భుతంగా ఉంది' అన్నది. నీలం ఎట్లుందమ్మా అంటే అది గూడ అద్భుతమే అన్నది. నా దాంట్ల నీలమే లేదు."

"ముసలోడు సంబరపడ్తడనుకున్నది."

"గందుకే నిన్ను తెచ్చుకున్న. నా బొమ్మ మంచిగున్నదని నువ్వు ఒక్కనాడు అనలే. నువ్వు మెచ్చుకుంటే అబద్ధమని ఎంటనే తెల్సిపోతది."

"మెచ్చుకునేటట్టు ఏనాడన్న ఏస్తివా?"

కురుమూర్తి ఆగాడు. "ఈడ గూడ లేకుంటే నీ మాటే నిజం, బాలమ్మా. ఉత్తగనే బతికిన అనుకుంట. ఇంక ఎవ్వరినీ అడగను."

 బాలమ్మ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి కనుక్కోవడానికి వెళ్ళింది. కాసేపటికి చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చింది.

"దొరికింది నీ ఘనకార్యం. లే."

అతను గబుక్కున లేచాడు. నాలుగడుగులు నడిపించి నిలబెట్టింది.

"ఎట్లుంది?"

"ఎట్లుంటది? కల్లంల మిరపకాయలు ఆరబోసి, మీదికెళ్ళి బర్రెను తోలినట్టుంది."

"ఎడమ మూల?"

"జాజు ఒడిసిందని వదిలిపెడ్తివి గద. గట్లనే బోడగుంది. సగం ఏసిన దాన్ని తెచ్చి తగిలిచ్చిండ్రు, ఈళ్ళకన్న ఉండాలె సిగ్గు."

"ఎవరన్న చూస్తుండ్రా?"

"ఒకామె చూస్తుంది, మెడ పక్కకు వంచి. ఇంట్ల పనిలేనట్టుంది."

అతను చెయ్యి చాచాడు. బాలమ్మ చటుక్కున దాని మీద ఒక్కటేసింది. "అంటొద్దని రాసిండ్రు. నడిమిట్ల నాకు మాట తెస్తవా?"

కాపలా మనిషి దగ్గరికొచ్చాడు. "అమ్మా, ఆ గోడకు..."

"తెల్సు బిడ్డా, అంటం. జరసేపు నిలబడనియ్యి."

కురుమూర్తి చాలాసేపు నిలబడ్డాడు. వంగిన భుజాలు నిటారుగా అయ్యాయి. గుడ్డి కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"నిజంగ బర్రెను తోలినట్టే ఉందా?"

"రెండు బర్రెలు."

అతను పైకే నవ్వాడు. "ఉంది. నా బొమ్మే. నలుగురు చూస్తుండ్రు."

"చూస్తరు, చూస్తరు. తిక్కలోళ్ళు ఊరికొక్కలుంటరు. నడువు, గద్వాల బస్సు పోతది."

ఆమె మోచెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని తనే ముందు మెట్లు దిగాడు. వెనక బాలమ్మ మోకాళ్ళను తిట్టుకుంటూ దిగింది.

పైన హాల్లో ఆ గోడకు ఉత్త మేకొక్కటే ఉంది.